కమ్మనహళ్ళి గోడ మీద కోయి చేప: గీతకు నూరు మార్కులు, గోడ తయారీకి సగమే

బెంగళూరు కమ్మనహళ్ళిలో తెలుగువాళ్ళు నడిపే ఒక చిన్న హోటల్ పక్కగోడ మీద ఇప్పుడొక కోయి చేప (జపాన్‌లో అలంకారానికి పెంచే రంగుల చేప) అలలకు ఎదురీదుతోంది. గోడ 18 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. జపాన్ పాత చెక్క అచ్చు బొమ్మలను గ్రాఫిటీతో, అంటే గోడల మీద స్ప్రే రంగులతో వేసే బొమ్మలతో, కలిపి వేసే చిత్రకారుడి పని ఇది. ఇంటికో దుకాణానికో ఇలాంటి గోడ వేయించాలనుకునేవాళ్ళు డబ్బులిచ్చే ముందు ఏం చూసుకోవాలో ఇందులో ఉంది.

ముందు గీత సంగతి. ఉకియో-ఎ అనే ఆ జపాన్ అచ్చుల్లో నల్లగీత చెక్క దిమ్మె మొదట చెక్కుతారు, రంగుల దిమ్మెలు దాన్ని బట్టి తయారవుతాయి. స్ప్రేలో వరస తిరగబడుతుంది: రంగులన్నీ పడ్డాక ఆఖరున గీత. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో చేసిన పెద్ద అల అచ్చు వెడల్పు దాదాపు 37 సెంటీమీటర్లే. దాన్ని ఈ గోడంత చేస్తే 15 రెట్లు పెరుగుతుంది, అర మిల్లీమీటరు గీత 7 మిల్లీమీటర్లు దాటుతుంది. అంత గీతను ఒకే మందంతో లాగితే బొమ్మలో ప్రాణం పోతుంది. ఈ గోడ వేసిన చిత్రకారుడు సన్న క్యాపుతో (స్ప్రే క్యాను మూతితో) నల్లగీతను కావాలనే లావుగా లాగి, తర్వాత పక్క రంగుతో రెండువైపుల నుంచీ కోసుకుంటూ వచ్చారు. అందుకే చేప రెక్క మొదట్లో బొటనవేలంత ఉన్న గీత కొసకు వచ్చేసరికి అగ్గిపుల్లంత అయింది. మొప్ప దగ్గర నిలబడి చూస్తే నీలం నలుపు మీదికి ఎక్కిన అంచు కనబడుతుంది. లేపాక్షి పైకప్పు బొమ్మల్లో నల్లగీత ఒంటి ఒంపును ఎలా పట్టుకుంటుందో చూసినవాళ్ళు ఈ గోడ ముందు కాసేపు ఆగుతారు.

ఆకాశం నీలం పైనుంచి కిందికి పలచబడటాన్ని బొకాషి అంటారు. అచ్చులో దీనికోసం దిమ్మె మీదే తడి బ్రష్షుతో రంగును పలచన చేస్తారు. స్ప్రే క్యానుకు ఇది సహజంగా అబ్బే పని: లావు క్యాపు పెట్టి, గోడకు జానెడు పైన దూరం ఉంచి, చెయ్యి ఆపకుండా పోవాలి. ఆగినచోట మచ్చ పడుతుంది, మరీ దగ్గరికెళితే రంగు కారుతుంది. ఈ గోడలో ఒక్క మచ్చ కూడా లేదు.

నీలం ఎంపిక కూడా తెలివైనదే. హొకుసాయ్ వాడిన ప్రష్యన్ నీలానికి క్షారం పడదు, సిమెంటు, సున్నం తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ గోడ చిత్రకారుడు వాడింది థాలో నీలం అనే కృత్రిమ రంగు. అది క్షారానికి తట్టుకుంటుంది. "అచ్చంగా పాత రంగులే వాడతాం" అని ఎవరైనా చెబితే సిమెంటు గోడకు ఒప్పుకోకండి.

అలల వెనక ఉన్న సెయ్‌గైహా నమూనా మన ముగ్గుల లెక్కే. ఒకదానిలో ఒకటి ఇమిడిన అర్ధచంద్రాలు, ప్రతి వరసా సగం పక్కకు జరుగుతుంది. ప్లాస్టిక్ షీటు కోసి స్టెన్సిల్‌తో వేశారు. పది పన్నెండు సార్లు కొట్టాక షీటు అంచున రంగు పేరుకుని, ఎత్తేటప్పుడు తడిరంగు కిందికి పాకుతుంది. కుడిచివర మూడు వరసల్లో అంచులు అలుక్కుపోవడానికి కారణం అదే. రెండో షీటు ముందే కోసి పెట్టుకుంటే సరిపోయేది.

ఖర్చు లెక్క తెలిసి ఉండాలి. 400 మిల్లీలీటర్ల క్యాను సుమారు 2 చదరపు మీటర్లు కప్పుతుంది. ఈ గోడ 16.7 చదరపు మీటర్లు కాబట్టి ఒక్క పూతకే ఎనిమిది తొమ్మిది క్యాన్లు కావాలి. అందుకే అడుగు రంగు మొత్తం ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌తో రోలర్ మీద వేయించి, నీడలకూ గీతకూ మాత్రమే స్ప్రే వాడటం సరైన పద్ధతి. ఇక్కడ అలాగే చేశారు. కొటేషన్‌లో పరంజా అద్దె కలిసి ఉందో లేదో విడిగా అడగండి.

అసలు తప్పు గోడ అడుగున జరిగింది. కింది రెండడుగుల్లో పాత సున్నం గీకకుండానే ప్రైమర్ కొట్టారు. అక్కడ రంగు ఇప్పటికే పెచ్చులుగా లేస్తోంది, చేప తోక కింద నురగ సగం పోయింది. అరచేయి గోడకు రుద్దితే తెల్లపొడి అంటుకుందంటే, గీకి, ఎమ్రీ పేపర్ పట్టి, తుడిచాకే ప్రైమర్ వేయాలి. కొత్త ప్లాస్టరైతే కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. బయటి గోడకు లోపలి గోడల లప్పం పెట్టనివ్వొద్దు, వాన తడికి అది ఉబ్బుతుంది. ఈ భాగం చిత్రకారుడికి వదలకుండా మీ పెయింట్ మేస్త్రీతో చేయించుకోవడమే మేలు.

అక్షరాల్లో ఒక పొరపాటు ఉంది. సుషి అని కటకానా అనే జపాన్ లిపిలో రాయబోతే సుత్సు అయింది. షి అక్షరంలో రెండు చిన్న గీతలు ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగు గీత కింది నుంచి పైకి లేస్తుంది. త్సులో చిన్న గీతలు పైన పక్కపక్కన ఉంటాయి, పొడుగు గీత పైనుంచి కిందికి దిగుతుంది. మనకు ప, ఫ ఎంత దగ్గరో ఇవీ అంతే, కానీ చదవగలిగినవాళ్ళకు మాట మారిపోతుంది. స్కెచ్ దశలోనే భాష తెలిసినవాళ్ళకు చూపించాలి. గ్రాఫిటీలో అక్షరాన్ని వంచే స్వేచ్ఛ ఉంది, అయితే గీత దిశ మార్చకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం జల్లులుంటాయి, నల్లగీత పని పొద్దున్నే పెట్టించుకోండి. గాలిలో తేమ ఎక్కువుంటే నలుపు మీద తెల్లని మసక కమ్ముతుంది. హోటల్ పేరు గోడ మీద రాయించేటట్లయితే స్థానిక సంస్థ అనుమతి ముందే తీసుకోండి, కర్ణాటకలో బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని నిరోధించే 1981 చట్టం ఉంది. పైపూతగా క్లియర్ కోటు అడిగితే మ్యాట్ అని చెప్పండి. మెరిసే పూత వేస్తే పడమటి ఎండలో చేప కళ్ళు కనబడవు.