బువిండి వెళ్తే బట్వా టూర్ చెయ్యాలా? ఆసుపత్రి చూశాక నా రేటింగ్

గొరిల్లాలు చూడ్డానికి ఉగాండాలోని బువిండి అడవికి వచ్చే మన తెలుగువాళ్ళు కంపాలాలో ఉండే నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "గొరిల్లా పర్మిట్‌కే 800 డాలర్లు వదిలాయి, మళ్ళీ ఆ బట్వా టూర్ ఒకటా, అవసరమా?" బట్వాలంటే ఆ అడవిలో తరతరాలుగా బతికిన ఆదివాసులు, వాళ్ళ పాత బతుకు చూపించేదే ఆ టూర్. చెయ్యండి. కాకపోతే ఎవరి దగ్గర బుక్ చేస్తున్నారో చూసుకుని చెయ్యండి, ఎందుకంటే అదే పేరుతో రెండు రకాల సరుకు దొరుకుతోంది అక్కడ.

ముందు సంగతేంటంటే, ఆ అడవి బట్వాలది. తేనె, దుంపలు, చిన్నచిన్న వేట, అన్నీ అందులోనే. 1991లో బువిండిని, మ్గహింగాని నేషనల్ పార్కులు చేసి వాళ్ళని బయటికి పంపేశారు, నష్టపరిహారం అంటూ ఏమీ ఇవ్వలేదు. సెంటు భూమి లేక పక్క ఊళ్ళలో వేరేవాళ్ళ పొలాల్లో కూలికి పోతూ, ఆ కూలి కూడా ఒక్కోసారి డబ్బు బదులు తిండిగా తీసుకుంటూ బతికారు. ఇప్పుడు ఆ అడవి చూడ్డానికే మనం వందల డాలర్లు కడుతున్నాం.

ఇక టూర్లు. మొదటిది ఒక లాడ్జి వాళ్ళు అంటగట్టింది, పేరు చెప్పను. జీపు ఆగగానే ఒక పదిమంది వరసగా నిలబడి పాట అందుకున్నారు, పావుగంటలో అయిపోయింది, మాతో వచ్చిన వాళ్ళలో ఒకాయన బిస్కెట్ ప్యాకెట్లు విసురుతున్నట్టే పంచాడు, పిల్లలు తోసుకున్నారు. మేం కట్టిన దాంట్లో వీళ్ళకి ఎంత వస్తుందని గైడ్‌ని అడిగితే నవ్వి వాతావరణం గురించి మాట్లాడాడు. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. ఒక్క స్టార్, అది కూడా పాడిన వాళ్ళకి.

రెండోది బువిండి అంచునున్న బుహోమా ఊళ్ళో బట్వా డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ వాళ్ళు నడిపే బట్వా ఎక్స్‌పీరియన్స్. పార్కు అంచునే ఉన్న అడవి ముక్కలో పెద్దవాళ్ళే మనల్ని నడిపిస్తూ పుల్లలు రాపాడించి నిప్పు తియ్యడం, వల వేసి వేటాడటం, ఏ ఆకు ఏ రోగానికి అన్నీ చూపిస్తారు. ఇది కూడా ప్రదర్శనే, దాచుకోవడానికేం లేదు, చర్మం కట్టుకున్న ఒక తాతగారి భుజం దగ్గర లోపలి ఫుట్‌బాల్ టీషర్టు కనపడుతూనే ఉంది. అయినా చెట్టు బెరడు గోకి వాసన చూడమని మా ఆవిడ చేతిలో పెట్టి, పేరు చెప్పి, మళ్ళీ చెప్పించుకుని, తప్పు పలికితే పగలబడి నవ్వారే, అది నటన కాదు.

అసలు నన్ను ఈ రివ్యూ రాయించింది మాత్రం బువిండి కమ్యూనిటీ ఆసుపత్రి. అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ స్కాట్ కెల్లెర్మన్, ఆయన భార్య క్యారల్ చెట్టు కింద వైద్యంతో మొదలుపెట్టారు, 2003 నుంచి అది పెరిగి పెరిగి ఇప్పుడు పూర్తి ఆసుపత్రి. వాళ్ళు వచ్చిన కొత్తలో బట్వా పిల్లల్లో నూటికి 38 మంది ఐదేళ్ళు నిండకుండానే పోయేవారట, ఎక్కువగా మలేరియా, విరేచనాలు లాంటి వాటికి, అంటే దోమతెర, మంచినీళ్ళు ఉంటే ఆగే చావులకి.

నాకు బాగా నచ్చింది ఈక్వాలిటీ అనే వాళ్ళ ఇన్సూరెన్స్ స్కీము. ఆ కొండల్లో ఎవరికైనా జబ్బు చేస్తే డోలీ లాంటి దాంట్లో పడుకోబెట్టి మోసుకొచ్చే ఊరి సంఘాలు ఉంటాయి, ఎంగోజి అంటారు, ఇన్సూరెన్స్‌ని కొత్త కమిటీలు పెట్టకుండా ఆ సంఘాల మీదే కట్టారు. మనిషి మనిషిగా కాదు, సంఘంగా చేరాలి. బట్వాల ప్రీమియానికి దాతల డబ్బు వెళ్తుంది. ఆరోగ్యశ్రీలా సర్కారు కార్డు కాదు గానీ, ప్రసవం దగ్గరపడ్డ తల్లులు ముందే వచ్చి ఉండే హాస్టల్ ముందు ఆడవాళ్ళు పొయ్యిల మీద వండుకుంటూ పెద్ద పెద్ద పొట్టలతో కబుర్లాడుకోవడం చూస్తే డబ్బు ఎక్కడికి పోయిందో ఎవర్నీ అడగక్కర్లేదు. 2013లో నర్సింగ్ స్కూలు కూడా పెట్టారు.

చదువు దగ్గర అంత సంతోషం లేదు. ఉగాండాలో ప్రైమరీ బడి 1997 నుంచి ఫీజు లేకుండానే, కానీ యూనిఫాం, పుస్తకాలు, మధ్యాహ్నం తిండి ఎవరు పెడతారు? ఆకలితో కూర్చోలేక, తోటి పిల్లలు వెక్కిరిస్తే పడలేక మానేస్తారు, ఆడపిల్లలకి తొందరగా పెళ్ళి. బడి ఖర్చులు దాతలు కట్టినా ఇంటి దగ్గర పండించుకోడానికి జాగా లేకపోతే ఎన్నాళ్ళు? 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం బట్వాల పక్షాన తీర్పిచ్చింది, పరిహారం లేకుండా వెళ్ళగొట్టడం తప్పేనంది. అసలు సంగతి జాగాయే కాబట్టి, కిసోరో పట్టణంలో బట్వాల సొంత సంఘం యుఓబిడియు ఉంది చూడండి, భూమి హక్కు కోసం కొట్లాడేది, దానికి కూడా కొంత పంపండి, అన్నీ ఆసుపత్రికే కాకుండా.

ఆసుపత్రికి ఐదుకి ఐదు. బట్వా ఎక్స్‌పీరియన్స్‌కి నాలుగు, ఒకటి తగ్గించింది ఏ రూపాయి ఎవరికి పోతుందో టికెట్ దగ్గరే బోర్డు పెట్టనందుకు. పాత బట్టల మూట మోసుకెళ్ళకండి, ఆ బరువుకి కట్టే లగేజీ డబ్బుల్ని ఇన్సూరెన్స్‌కి కట్టండి. ఇంకోటి, ఫొటో తీసే ముందు అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేసుకోండి. కంపాలా నుంచి రోడ్డు మీద తొమ్మిది పది గంటలు, చివర్లో నడుములు పోతాయి, పొద్దున్నే బయల్దేరండి.