ఏడేళ్ల ఆనాపాన: మనసు నిలవని మనిషి సమీక్ష

2018 జనవరిలో ఒక పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో ఆనాపాన, అంటే వచ్చే పోయే శ్వాసను గమనించే ధ్యానం, నేర్చుకున్నాను. మధ్యలో నాలుగు నెలలు పూర్తిగా మానేసిన కాలాన్ని తీసేస్తే, ఈ ఏడేళ్లూ దాన్నే సాధన చేస్తున్నాను. శిబిరం ముగిసిన వారానికే రాసిన అనుభవాలు చాలా చదివాను. వాటిలోని పులకరింత అబద్ధం కాదు కానీ, ఆరు నెలలు గడిచి, పాల ప్యాకెట్లు, కుక్కరు కూతలు, ఆఫీసు ఒత్తిడి మళ్లీ చుట్టుముట్టాక అందులో ఏం మిగులుతుందన్నది వాటి వల్ల తెలియదు. మనసు ఒక్క క్షణం నిలవదు కాబట్టి తమకు ధ్యానం కుదరదని చెప్పేవాళ్ల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. 2018కి ముందు నేనూ అచ్చంగా ఆ మాటే అనేదాన్ని.

విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. శిబిరానికి వెళ్లేనాటికి నాకు నలభై ఒక్క ఏళ్లు. కళ్లు మూసుకుంటే చాలు, ట్రయల్ బ్యాలెన్సులో దొరకని పద్దెనిమిది రూపాయల తేడా, అమ్మాయి హాస్టలు ఫీజు, రాత్రి విన్న సీరియల్ పాట, ఎప్పుడో తొమ్మిదేళ్ల కిందట తోడికోడలు అన్న మాటకు అప్పుడు తట్టక ఇప్పుడు తడుతున్న జవాబు, అన్నీ ఒకదాన్ని తోసుకుని ఒకటి వచ్చేవి. గీతలో అర్జునుడంతటివాడు మనసును పట్టడం గాలిని పట్టడంలా ఉందని మొరపెట్టుకున్నాడు, నువ్వెంత అని మా నాన్నగారు ఓదార్చేవారు. అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ అది సాధ్యమని కృష్ణుడు చెప్పాడట. వైరాగ్యం సంగతి దేవుడెరుగు, ఆ అభ్యాసం రోజుకు ఏ గంటకు, ఎలా మొదలుపెట్టాలో చెప్పేవాళ్లే నాకు దొరకలేదు.

ప్రయత్నించకపోలేదు. 1990లో కర్నూలులో పత్రీజీ మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం వల్ల, ‘శ్వాస మీద ధ్యాస’ అన్న మాట తెలుగు ఇళ్లలో తెలియనివాళ్లు తక్కువ. మా పక్కింటి పిన్నిగారు ఆ పద్ధతిలోనే ధ్యానం చేసేవారు. ఎన్నేళ్ల వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోవాలన్న నియమం ఆవిడే చెప్పారు. నలభై ఒక్క నిమిషాలు కూర్చోవలసిన నేను నాలుగో నిమిషానికి గడియారం చూసేదాన్ని. సూచన మంచిదే, ఆ మూడు మాటలూ నాకు ఈనాటికీ సరిపోతాయి. ధ్యాస తప్పినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం నాకు అర్థం కాలేదు. తర్వాత ఫోనులో ఒక ధ్యానం యాప్ వేసుకున్నాను. అందులోని గొంతు చెప్పినంతసేపూ బాగానే ఉండేది, గొంతు ఆగగానే నా గొంతు మొదలయ్యేది. పైగా ధ్యానానికి తీసిన ఫోనులోనే ఆఫీసు వాట్సాప్ గ్రూపు కూడా ఉంటుందన్న సంగతి యాప్ తయారుచేసినవాళ్లకు తట్టినట్టు లేదు.

పది రోజుల శిబిరాలు మన ప్రాంతంలో హైదరాబాదు శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలోనూ, నాగార్జునసాగర్‌లోని ధమ్మ నాగజ్జునలోనూ, ఏలూరు దగ్గర విజయరాయిలోని ధమ్మ విజయలోనూ జరుగుతాయి. ఎక్కడికి వెళ్లినా బోధన ఒకటే, ఎందుకంటే సూచనలూ సాయంత్రపు ప్రసంగాలూ ఈ విపశ్యన పద్ధతి గురువు సత్యనారాయణ గోయెంకా గారి రికార్డుల నుంచే వినిపిస్తారు. తెలుగు అనువాదం కూడా ఉంటుంది. ఫీజు లేదు. ఒక శిబిరం పూర్తిచేసినవాళ్ల దగ్గర మాత్రమే, అదీ వాళ్లు ఇవ్వాలనుకుంటేనే, విరాళం తీసుకుంటారు. ఫోను, పుస్తకం, పెన్ను మొదటి రోజే అప్పగించాలి. పదో రోజు ఉదయం దాకా తోటి సాధకులతో మాట్లాడకూడదు, సైగ కూడా చేయకూడదు. నాలుగు గంటలకు గంట మోగుతుంది. నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది వరకు రోజుకు పది గంటలకు పైగా కూర్చోవాలి. సాయంత్రం ఐదింటికి కొత్తవాళ్లకు టీ, కొంచెం పండు. మాట్లాడకుండా ఉండటం నాకు కష్టం కాలేదు. ఇల్లు, ఆఫీసు రెండూ నడిపే ఏ ఆడమనిషికైనా పది రోజులు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకపోవడం సెలవుతో సమానం.

మొదటి మూడు రోజులూ నేర్పేది ఆనాపాన ఒక్కటే: వచ్చే శ్వాసను, పోయే శ్వాసను ఉన్నదున్నట్టు గమనించడం. ప్రాణాయామం నేర్చినవాళ్లు ఇక్కడే తడబడతారు, నేనూ తడబడ్డాను. ఇందులో శ్వాసను దీర్ఘం చేయడం, బిగపట్టడం ఉండవు. పొట్టిగా ఉంటే పొట్టిగా, పొడుగ్గా ఉంటే పొడుగ్గా, కుడి ముక్కులో ఆడితే కుడి ముక్కులో, అది ఎలా ఉందో అలా తెలుసుకోవడమే పని. మంత్రం, రూపం, లెక్క, ఏదీ తోడు ఉండదు. రోజులు గడిచేకొద్దీ గమనించే చోటును కుదించుకుంటూ ముక్కుపుటాల కింద, పై పెదవికి పైన ఉన్న కొద్దిపాటి జాగాకు తెస్తారు. చోటు ఎంత చిన్నదైతే మనసు అంత పదునెక్కుతుందన్నది దీని వెనక ఉన్న లెక్క.

మొదటి రోజు నా మనసు ఇంటిలో కంటే ఎక్కువ గోల చేసింది. రెండో రోజు అది గోల కాదు, సంత. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట వరకు ఆచార్యులను కలిసి సందేహాలు అడగవచ్చు కాబట్టి వెళ్లాను. “మనసు ఒక్క నిమిషం కూడా నిలవడం లేదండీ, నాకిది రాదేమో” అన్నాను. మహిళలకు బోధించే ఆవిడ పెద్దావిడ, నెమ్మదిగా, “పోయిందని ఎంతసేపటికి తెలుస్తోంది తల్లీ?” అని అడిగారు. ఐదారు నిమిషాలు పడుతోందని చెప్పాను. “నిన్న ఉదయం?” అన్నారు. నిన్న ఉదయం మనసు ఎటు పోయిందో గంట మోగేదాకా నాకు తెలియనే తెలియదు. ఆ మాటే చెప్పాను. “మరి పని జరుగుతోందిగా, వెళ్లి కూర్చోమ్మా” అన్నారు. అంతే, రెండు నిమిషాల సంభాషణ.

ఈ ఏడేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చింది ఆ ప్రశ్నే. అప్పటివరకు నేను ధ్యానాన్ని నిశ్శబ్దంతో కొలిచేదాన్ని: ఎంతసేపు ఆలోచన రాలేదన్నది నా కొలమానం. ఆ కొలతతో చూస్తే ప్రతి రోజూ నష్టమే కనిపిస్తుంది. ఆవిడ ఇచ్చిన కొలత వేరు: తప్పిపోయిన సంగతి ఎంత త్వరగా పట్టుకున్నాను? మా వృత్తిలో వాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది. ఆడిటులో తప్పు దొరికిందంటే ఆ పూట ఆడిటు జరిగినట్టు లెక్క. దొరకని రోజే మాకు అనుమానం. గోయెంకా గారికి ఈ విద్య నేర్పిన సయాజీ ఊ బా ఖిన్ వృత్తిరీత్యా ఎవరో సాయంత్రం ప్రసంగంలో విన్నప్పుడు, మౌనవ్రతంలో ఉన్నానన్న సంగతి మరిచి నవ్వాను. ఆయన 1948లో బర్మా స్వతంత్రమైనప్పుడు ఆ దేశానికి అకౌంటెంట్ జనరల్ అయిన మనిషి!

మనసు తిరగడం నా ఒక్కదాని జబ్బు కాదన్న ఊరట తర్వాత మరోచోట దొరికింది. హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2010లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, 2,250 మందిని ఫోను ద్వారా వేర్వేరు వేళల్లో అడిగితే, 46.9 శాతం సందర్భాల్లో వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు. అంటే అటూఇటూగా రోజులో సగం. ధ్యానం చేయనివాళ్లకు ఆ సంగతి తెలియదు, కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. కూర్చోగానే గోల పెరిగినట్టు అనిపించడం అందుకేనని నేను అనుకుంటున్నాను.

నాలుగో రోజు విపశ్యన మొదలవుతుంది. తల నుంచి పాదాల దాకా ఒంటి మీది సంవేదనలను గమనించడం, వాటికి ప్రతిక్రియ చేయకుండా ఉండటం నేర్పుతారు. రోజుకు మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠానం కూడా అప్పుడే. మోకాళ్లు పడ్డ బాధ గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. నడుము నొప్పి ఉందని చెబితే కుర్చీ ఇచ్చారు, తీసుకున్నాను. ఇతరులు నేల మీద కూర్చున్నారని మొహమాటపడి నొప్పిని పళ్ల బిగువున భరించేవాళ్లు ధ్యానం సంగతి మరిచి పంతం సాధన చేస్తారు.

ఇక ఇల్లు. ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోమని చెప్పి పంపుతారు. మొదటి నెల కూర్చున్నాను. మూడో నెలకు ఉదయం ఇరవై నిమిషాలు మిగిలింది. రెండో ఏడు మార్చి నెలాఖరు హడావిడిలో అదీ పోయి, నాలుగు నెలలు అటువైపు చూడలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గంట అన్న అంకెను వదిలేసి, నాలుగూ ముప్పావు నుంచి ఐదుంబావు దాకా అరగంట అని పెట్టుకున్నాను. కొళాయి నీళ్లు ఐదున్నరకు వస్తాయి, ఆ తర్వాత ఇల్లు నాది కాదు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు విప్పి కాళ్లు కడుక్కున్నాక, ఎవరితోనూ మాట కలపకముందే పది నిమిషాలు. ఈ ఏర్పాటు ఐదేళ్లుగా నిలిచింది. పద్ధతి అడిగినదాంట్లో ఇది మూడో వంతు మాత్రమేనని ఒప్పుకుంటున్నాను.

మనసు మరీ చెలరేగిన రోజున శిబిరంలో చెప్పిన ఉపాయం ఒకటి బాగా పనిచేస్తుంది: కొన్ని శ్వాసలు కావాలని కొంచెం గట్టిగా తీసి వదలాలి, స్పర్శ తెలియగానే మళ్లీ సహజ శ్వాసకు రావాలి. కావాలని తీసే శ్వాస అలవాటుగా మారకుండా చూసుకుంటే చాలు. నేను సొంతంగా చేర్చుకున్నవి రెండు. కూర్చోవడానికి ముందు ఆ రోజు పనులన్నీ ఒక చీటీ మీద రాసేస్తాను. గుర్తుపెట్టుకోవలసిన భారం చీటీ మీద పడటంతో మనసు వాటిని పదేపదే తెచ్చి చూపించడం సగానికి సగం తగ్గింది. మధ్యలో కొత్త పని తడితే మాత్రం చీటీని ముట్టుకోను. ఒకసారి ముట్టుకున్నాను, ఆ అరగంటా చీటీకే పోయింది.

రెండోది లెక్క. ఈ సంప్రదాయంలో లెక్కపెట్టడాన్ని ఒప్పుకోరు, ఇతర పద్ధతులతో కలపవద్దని స్పష్టంగా చెబుతారు. కానీ ఐదో శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లను శ్వాసలు లెక్కపెట్టమన్నాడు, ఐదుకు తగ్గకుండా, పదికి మించకుండా. ఐదుకు ముందే ఆపితే మనసు ఇరుకున పడి కొట్టుకుంటుందని, పది దాటితే అంకెలనే పట్టుకుని వేలాడుతుందని ఆయన ఇచ్చిన కారణం నా అనుభవానికి సరిగ్గా సరిపోయింది. ఒకసారి ఊరికే పరీక్షించి చూస్తే నూట నలభై దాకా వెళ్లాను, వాటిలో ఒక్క శ్వాసా గుర్తులేదు. కాబట్టి మొదటి పది నిమిషాలు పది దాకా లెక్క, తప్పితే మళ్లీ ఒకటి. తర్వాత లెక్క వదిలేసి ఉత్త శ్వాస. నియమం తప్పానని పాత సాధకులు ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, మానను.

ఏడేళ్లకు ఫలితం ఏమిటంటే, నా మనసు ఇప్పటికీ నిలవదు. అరగంటలో ఒకటి రెండు నిమిషాలు శ్వాస ఒక్కటే తెలిసే సందర్భాలు కొన్ని రోజులు ఉంటాయి, చాలా రోజులు ఉండవు. రక్తపోటు మాత్ర అలాగే వేసుకుంటున్నాను, పార్శ్వపు తలనొప్పి తగ్గలేదు. ధ్యానంతో మందులు మానేయవచ్చని చెప్పేవాళ్ల మాట వినవద్దు. మారినది వేరే చోట ఉంది. పోయిన ఏడాది ఒక జూనియరు ఒకే వోచరును రెండుసార్లు ఎక్కించి రెండు రోజుల పని పాడుచేశాడు. అతన్ని పిలిచి నోరు తెరవబోతుండగా పై పెదవి మీద శ్వాస వేడిగా, పొట్టిగా తగలడం తెలిసింది. కోపం రాకుండా పోలేదు. వచ్చిందని మాత్రం నోటి నుంచి మాట రాకముందే తెలిసింది. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఇలాంటివి నెలకు మూడు నాలుగు. రాత్రి మెలకువ వస్తే మునుపు తెల్లవారే దాకా లెక్కలు వేసేదాన్ని, ఇప్పుడు ఎక్కువసార్లు మళ్లీ నిద్ర పడుతోంది.

లోపాలు రాయకపోతే ఇది సమీక్ష కాదు. పది రోజులంటే రానుపోను ప్రయాణంతో పన్నెండు రోజులు. చంటిపిల్లలు ఉన్న తల్లికీ, రోజుకూలీ మీద బతికేవాళ్లకూ ఫీజు లేదన్న మాట పెద్దగా ఆదుకోదు. ఇంటికి వచ్చాక సాధన జారిపోయే మొదటి ఆరు నెలలే అసలు పరీక్ష, అప్పుడు మనిషి దాదాపు ఒంటరి. పాత సాధకులకు ఒకరోజు శిబిరాలు ఉంటాయి, దగ్గరలో ఉన్నవాళ్లు తప్పక వెళ్లాలి. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. దరఖాస్తులో మానసిక సమస్యల గురించి, వాడుతున్న మందుల గురించి అడుగుతారు. అక్కడ ఏదీ దాచవద్దు. తీవ్రమైన కుంగుబాటు, ఏదైనా పెద్ద దెబ్బ తిన్న జ్ఞాపకం ఉన్నవాళ్లు ముందు వైద్యుడిని అడగాలి, ఎందుకంటే పది రోజుల మౌనంలో పైకి వచ్చేది ఎప్పుడూ సీరియల్ పాటే కాకపోవచ్చు.

పద్ధతికి ఐదుకు నాలుగు ఇస్తాను, దాన్ని వాడిన నాకు రెండున్నర. శిబిరానికి వెళ్లడం వీలుకానివాళ్లు ఉదయం పది నిమిషాలతో, పది దాకా లెక్కతో మొదలుపెట్టి, ఎన్నిసార్లు మనసు పోయిందో కాక, పోయిందని ఎన్నిసార్లు తెలిసిందో చూసుకుంటూ నెల రోజులు కూర్చుని చూడవచ్చు. ఈ ఉదయం నేను పదికి చేరింది రెండుసార్లు. మూడోసారి ఏడు దగ్గర జీఎస్టీ రిటర్ను గడువు గుర్తొచ్చింది, నాలుగోసారి మూడు దగ్గర పక్కింటి పిన్నిగారి కుక్కరు కూసింది.