ఐఎస్ఓనా, బిన్-క్యూ జోడీనా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా తమ్ముడి కంప్యూటర్‌లో సెగా శాటర్న్ అనే పాత గేమ్ కన్సోల్ సీడీ ఆట చక్కగా నడుస్తోంది, తుపాకుల మోత వినిపిస్తోంది, సంగీతం మాత్రం లేదు. ఎమ్యులేటర్ (కన్సోల్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. లోపం డిస్క్ నకలులోనే, అంటే సీడీ నుంచి కంప్యూటర్‌లోకి తీసుకున్న కాపీలోనే ఉంది. ఆ నకలును ఐఎస్ఓగా గానీ, బిన్, క్యూ అనే ఫైళ్ల జోడీగా గానీ దాచుకోవచ్చు.

ఐఎస్ఓ ఒకే ఫైలు, దాచుకోవడం సులువు. కానీ అందులో సెక్టారుకు (డిస్క్‌పై డేటా ఉండే చిన్న భాగం) 2,048 బైట్ల డేటా మాత్రమే ఉంటుంది. పాటల ట్రాకులకు చోటే లేదు. బిన్ మాత్రం సెక్టారులోని 2,352 బైట్లనూ పట్టుకుంటుంది. ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో క్యూ అనే చిన్న టెక్స్ట్ ఫైలు చెబుతుంది. క్యూను నోట్‌ప్యాడ్‌లో తెరవండి: ‘ట్రాక్ 02 ఆడియో’ అనే వరుస ఉంటే సంగీతం ఉన్నట్టే. బిన్ పేరు మారిస్తే క్యూ లోపల కూడా మార్చాలి, లేకపోతే ఆట తెరుచుకోదు. ఆ శ్రమ ఉన్నా సీడీ ఆటలకు నా ఓటు ఈ జోడీకే. ప్లేస్టేషన్ 2 డీవీడీ ఆటలకైతే ఐఎస్ఓ చాలు.