ఒలింపస్, టిర్రినస్, అపొల్లినారిస్: అంగారకుడి అగ్నిపర్వతాల్లో ముందు చూడవలసినది ఏది?

అంగారకుడి మీది అగ్నిపర్వతాల్లో ఏదో ఒక్కదాని దగ్గరికే రోవరును పంపగలమంటే దేన్ని ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు చాలామంది ఒలింపస్ మాన్స్ (లాటిన్‌లో మాన్స్ అంటే పర్వతం) పేరే చెబుతారు, అందులో ఆశ్చర్యమూ లేదు. గ్రహాల మీద అంతకంటే ఎత్తైన అగ్నిపర్వతం మనకు తెలియదు. అయినా నా ఎంపిక అది కాదు. దక్షిణాన అరిగిపోయి నేలమట్టం కావస్తున్న టిర్రినస్ మాన్స్‌ను, గుసెవ్ బిలానికి ఉత్తరాన ఉన్న అపొల్లినారిస్ మాన్స్‌ను దాని పక్కన పెట్టి చూస్తే, ఎత్తును బట్టి చేసే ఎంపిక నిలవదని నాకు అనిపిస్తుంది.

ముందుగా ఒలింపస్ సంగతి. 1971 నవంబరులో నాసా నౌక మారినర్ 9 అంగారకుడి కక్ష్యలోకి చేరేసరికి గ్రహమంతా ధూళి తుఫానులో మునిగి ఉంది. ఆ ధూళికి పైన నాలుగు నల్లటి మచ్చలు మాత్రం కనిపించాయి. వారాలు గడిచి ధూళి అణగాక, ఆ మచ్చలు నాలుగు మహా అగ్నిపర్వతాల శిఖరాలని తేలింది. వాటిలో ఒకటి ఒలింపస్. ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు, అడుగున వెడల్పు సుమారు 600 కిలోమీటర్లు. అది ఆక్రమించిన నేల ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపిన విస్తీర్ణం కంటే కొంచెం ఎక్కువే. అంత పెరగడానికి ముఖ్య కారణం అంగారకుడి పైపొర కదలకపోవడం. భూమి మీద పైపొర ఫలకాలుగా విడిపోయి జరుగుతూ ఉంటుంది కనుక హవాయిలో ఒక పర్వతం లావా మూలానికి దూరమై ఆరిపోతుంది, దాని పక్కన మరొకటి పుడుతుంది. అంగారకుడి మీద అదే చోట, అదే మూలం మీద, కోట్ల సంవత్సరాలపాటు లావా పొరమీద పొరగా పేరుకుంది. వాలు సగటున అయిదు డిగ్రీలే కావడం వల్ల దాని మీద నిలబడిన మనిషికి తానొక పర్వతం మీద ఉన్నట్టే తెలియదు.

ఇంతటి పర్వతం రోవరుకు మాత్రం అనుకూలం కాదు. అంగారకుడి మీద దిగే నౌక వేగాన్ని తొలి దశలో తగ్గించేది అక్కడి పలుచని గాలీ, పారాచూటూ. పల్లంలో ఆ గాలి కాస్త చిక్కగా ఉంటుంది; ఇప్పటివరకు రోవర్లన్నీ పల్లపు ప్రాంతాల్లో దిగడానికి ఇదే పెద్ద కారణం. క్యూరియాసిటీ రోవరు దిగిన గేల్ బిలం అడుగు అంగారకుడి సున్నా మట్టానికి (మన సముద్ర మట్టంలా ఎత్తులు కొలిచే మట్టానికి) నాలుగున్నర కిలోమీటర్ల దిగువన ఉంది. ఒలింపస్ శిఖరం మీదనేమో గాలి ఒత్తిడి ఆ గ్రహపు సగటులో ఎనిమిదో వంతుకు దగ్గరగా ఉంటుంది. పైగా ఆ ప్రాంతమంతా సన్నని ధూళి కప్పి ఉండడం వల్ల కక్ష్యలోని పరికరాలకు కింది రాతి స్వభావం సరిగా చిక్కదు. చుట్టూ కొన్నిచోట్ల ఎనిమిది కిలోమీటర్ల దాకా లేచిన అంచు కొండచరియ ఉంది. అక్కడ తెగి కనిపించే పొరలు అపురూపమైనవే, కానీ చక్రాల బండి వాటిని ఎక్కలేదు.

ఒలింపస్ పక్షాన ఒక బలమైన వాదన ఉంది, దాన్ని తేలికగా తీసేయలేను. అంగారకుడి నేలల వయసును మనం ఉల్కాబిలాల సంఖ్యను బట్టి లెక్క కడుతున్నాం: బిలాలు ఎంత ఎక్కువుంటే నేల అంత పాతది. ఆ లెక్క ప్రకారం ఒలింపస్ వాలు మీది కొన్ని లావా ప్రవాహాల వయసు 20 లక్షల సంవత్సరాలే, అంటే దాన్ని పూర్తిగా ఆరిపోయినదని చెప్పడమూ కష్టమే. ఫలానా ప్రవాహం నుంచి తీసిందని తెలిసిన రాయి ఒక్కటి ప్రయోగశాలకు చేరినా ఆ లెక్కలన్నిటినీ సరిచూసుకోవచ్చు. అయితే ఆ పనికి ఒలింపస్సే కావాలన్న నియమం లేదు, పల్లంలో ఉన్న ఏ లావా మైదానమైనా సరిపోతుంది. ఇక యువ అగ్నిశిలల స్వభావం తెలుసుకోవడానికైతే మన చేతిలో ఇప్పటికే నమూనాలున్నాయి. 1865లో బీహారులోని షెర్ఘాటీ దగ్గర పడిన ఉల్క అంగారకుడి మీద గడ్డకట్టిన లావాయే; ఆ తరహా ఉల్కలన్నిటినీ ఆ ఊరి పేరుతోనే షెర్గొటైట్లు అంటున్నారు. గట్టి లావారాయి గ్రహం మీది తాకిడికి ఎగిరి, భూమి దాకా చెక్కుచెదరకుండా రాగలదు. పొరలు పొరలుగా పేరుకున్న మెత్తని బూడిద ఆ ప్రయాణానికి తట్టుకోవడం చాలా కష్టం. అందువల్ల దాన్ని చూడాలంటే మనమే అక్కడికి వెళ్లాలి.

అటువంటి బూడిద పర్వతమే టిర్రినస్ మాన్స్. దక్షిణాది ఎత్తు నేలల్లో ఉన్న ఈ పర్వతం వయసు 350 కోట్ల సంవత్సరాలు దాటింది. పునాది కొన్ని వందల కిలోమీటర్ల మేర పరచుకున్నా, చుట్టూ ఉన్న మైదానం మీద అది లేచిన ఎత్తు ఒకటి రెండు కిలోమీటర్లను మించదు. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్ 2015 ఫిబ్రవరిలో దాన్ని ఫొటో తీసింది. నడుమ బిలం, దాని నుంచి అన్ని వైపులకూ చీలిన వాగుల వంటి గాళ్లు, పక్కన గాలి గీసిన చారలు అందులో కనిపిస్తాయి. లావా గట్టిపడి ఏర్పడిన కొండ ఇంత సులువుగా కోసుకుపోదు. ఇది పేలుళ్లలో ఎగసిన బూడిదతో పేరుకున్నదని శాస్త్రవేత్తలు భావించడానికి ఆ గాళ్లే ఆధారం. నేలలోని నీరో మంచో శిలాద్రవానికి తగిలి ఆవిరై పేలడం ఇందుకు ఒక కారణంగా చెబుతారు.

ఈ విషయాన్ని నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం మన కాళ్ల కిందే ఉంది. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల్లో నల్లరేగడి కింద ఉన్న నల్లరాయి దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కను లావా. వానకు నాని, ఎండకు పగిలి ఆ రాయే రేగడి అయింది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఆ బంకమన్ను నీరు లేకుండా తయారయ్యేది కాదు. రాయి నీటిని కలిసిందా లేదా అన్నది మట్టిలోనే రాసి ఉంటుంది. ఒలింపస్ మీది కొత్త లావాలో ఆ కథ దాదాపు ఉండదు. టిర్రినస్‌లో ఉండవచ్చు. కాకపోతే అదీ ఎత్తు నేల మీదే ఉంది కనుక అక్కడ దిగడమూ తేలిక కాదు.

అపొల్లినారిస్ దగ్గర ఈ చిక్కు తగ్గుతుంది. ఇది కూడా పాతదే; చుట్టూ ఉన్న నేల మీద సుమారు అయిదు కిలోమీటర్లు లేచిన ఈ పర్వతం నెత్తిన 80 కిలోమీటర్ల దాకా వెడల్పైన బిలం ఉంది. ఇందులో బూడిదా ఉంది, లావా కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. దక్షిణపు వాలు మీదుగా విసనకర్రలా పరచుకున్న మేట ఒకటి పర్వతపు ఆఖరి రోజుల నాటిది. అన్నిటికీ మించి, దీని పాదం దక్షిణాది ఎత్తు నేలలు ఉత్తరాది పల్లానికి దిగే అంచున ఉంది.

దానికి దక్షిణంగా 300 కిలోమీటర్ల దూరంలో, గుసెవ్ బిలంలో, 2004 జనవరిలో స్పిరిట్ రోవరు దిగింది. 2006లో దాని ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. అప్పటి నుంచి బండిని వెనక్కి నడుపుతూ, ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ తీసుకెళ్లారు. 2007లో అలా ఈడ్చిన చాలులో ఎర్రమట్టి కింద తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే అందులో దాదాపు 90 శాతం సిలికా. వేడి నీటి ఊటలో, ఆవిరి రంధ్రాలో లేకుండా అంత సిలికా ఒకచోట చేరదు. ఆ పక్కనే హోమ్ ప్లేట్ అనే చిన్న తిన్నె అంచున, నాలుగు సెంటీమీటర్ల రాయి ఒకటి పైనుంచి పడి మెత్తని బూడిద పొరలను కిందికి వంచిన గుర్తు కనిపించింది. పేలుడులో ఎగిరిన రాయి, తడి బూడిద, వేడి నీరు: మూడూ ఒకే చోట. ఆ బూడిద అపొల్లినారిస్ నుంచే వచ్చిందని నేను అనడం లేదు, అది అక్కడి స్థానిక పేలుడుదే కావచ్చు. కానీ గుప్పెడంత తిన్నె దగ్గరే ఇంత దొరికిన ప్రాంతంలో, 80 కిలోమీటర్ల బిలమున్న పర్వతం పాదాన్ని ఇంతవరకు ఏ చక్రమూ తాకలేదు.

అందుకే నా ఓటు అపొల్లినారిస్‌కు, అందులోనూ దక్షిణపు మేట కొసకు. శిఖరం ఎక్కే పని పెట్టుకోకుండా, మేట అంచు తెగిన చోట కింది పొర నుంచి పైకి వరసగా తవ్వి చూస్తూ, ఏ పొరలో బంకమన్ను ఉంది, ఏ పొర దగ్గర అది ఆగిపోయింది అన్నది పట్టుకోవాలి. ఆ నమూనాలు భూమికి చేరితే ఆ వరసకు వయసులు కూడా వస్తాయి. టిర్రినస్‌ను రెండోదిగా ఉంచుతాను. ఒలింపస్‌ను మాత్రం మరికొంత కాలం కక్ష్య నుంచే చూడడం మంచిది. చలికాలపు ఉదయాల్లో దాని బిలంలో వెంట్రుక మందం మాత్రమే ఉండే నీటి మంచు పట్టి, ఎండ రాగానే కరిగిపోకుండా నేరుగా ఆవిరవుతోందని 2024లో తెలిసింది పై నుంచి చూస్తున్న నౌకల వల్లే.