రేడియోహెడ్ తొమ్మిది ఆల్బమ్‌లు: తాళం తెలిసిన చెవి ఎక్కడ మొదలుపెట్టాలి

క్రీప్‌తో మొదలుపెట్టకండి. ఇంగ్లండు రాక్ బ్యాండ్ రేడియోహెడ్ పేరెత్తగానే అందరూ పంపించే పాట అదే. 1993లో వచ్చిన తొలి ఆల్బమ్ పాబ్లో హనీలోది. పాట మంచిదే. కోరస్ రాబోయే ముందు జానీ గ్రీన్‌వుడ్ గిటార్ తీగల్ని గర్రుమని బరికే చోట ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయితే అలాంటివే ఇంకో పది ఉంటాయని ఆల్బమ్ కొంటే నిరాశే మిగులుతుంది. మిగతా పదకొండు పాటల్లో మళ్లీ మళ్లీ వినాల్సినవి రెండో మూడో. తర్వాత వచ్చిన ఎనిమిది ఆల్బమ్‌లు ఈ పాట దారిలో నడవలేదు కూడా. అందుకే చాలామంది క్రీప్ దగ్గరే ఆగిపోయి, ఆ తర్వాతివి 'అర్థం కావు' అని వదిలేస్తారు.

తిరుపతిలో వినేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. అది తాళం. ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో మృదంగమో డోలో నేర్చుకున్నవాళ్లు, అన్నమయ్య కీర్తన వినపడగానే తొడ మీద చెయ్యి దానంతట అదే ఆడేవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు. రేడియోహెడ్ పాటల్లో కొత్తవాళ్లను తికమక పెట్టేది చాలాచోట్ల లెక్కే. ఐదు, ఏడు, పది దెబ్బల చుట్లు. వాటితో పెరిగిన చెవికి అక్కడ అడ్డే లేదు.

కాబట్టి మొదట కొనాల్సింది, లేదా ఫోన్‌లోకి దించుకోవాల్సింది, 2007 నాటి ఇన్ రెయిన్‌బోస్. పది పాటలు, 42 నిమిషాల 39 సెకన్లు. మొదటి పాట ఫిఫ్టీన్ స్టెప్ డ్రమ్ మెషీన్ చప్పుడుతో మొదలవుతుంది. నాలుగు లెక్కపెడితే కాలు జారుతుంది. ఐదు లెక్కపెట్టండి, కూర్చుంటుంది. 'తక తకిట' అని ఖండ చాపులా వేసుకోవచ్చు గానీ, చాపు పరుగు వద్దు. ఐదు దెబ్బల్నీ విడివిడిగా, సమానంగా వేస్తేనే గిటార్ వచ్చి చేరే చోటు స్పష్టంగా పట్టుబడుతుంది. నాలుగో పాట వియర్డ్ ఫిషెస్‌లో గిటార్లు ఒకదాని మీద ఒకటి విడి స్వరాల వరసలు అల్లుకుంటూ పోతాయి. ఒక్క గిటార్‌నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. రెండోసారి ఇంకో గిటార్‌ని పట్టుకోండి. చివరి పాట వీడియోటేప్‌లో పియానో తాళం మీద పడుతున్నట్టే అనిపిస్తుంది. నిజానికి ఎత్తుగడ అర దెబ్బ ముందే పడుతోంది. డ్రమ్ వచ్చాక కూడా చెవి మొండికేస్తుంది. ఆ మొండితనమే పాటలోని దిగులుకి మూలం.

ఈ ఆల్బమ్‌తో ఒక జాగ్రత్త. 2007 అక్టోబరు 10న బ్యాండ్ దీన్ని సొంత వెబ్‌సైట్‌లో పెట్టి, ధర కొనేవాళ్ల ఇష్టానికే వదిలేసింది. అప్పుడిచ్చిన ఫైళ్లు 160 కిలోబిట్ల ఎంపీత్రీలు (ఈ అంకె పెద్దదైతే శబ్దం అంత స్పష్టం). పెన్‌డ్రైవ్‌ల్లో చేతులు మారుతూ ఇప్పటికీ తిరిగేవి ఎక్కువగా ఇవే. ఫోల్డర్ సైజు చూడండి. మొత్తం 50 ఎంబీ దగ్గరుంటే 160వి, 100 ఎంబీ దాటితే 320వి. 160లో డ్రమ్స్ పక్కనుండే కంచు పళ్లేల (సింబల్స్) చప్పుడు ఇసక రాలినట్టు వినిపిస్తుంది. వియర్డ్ ఫిషెస్ చివర్లో గిటార్లు ముద్దయిపోతాయి.

దాని తర్వాత కిడ్ ఏ (2000), అమ్నీజియాక్ (2001) కలిపి వినాలి. రెండూ ఒకే రికార్డింగుల నుంచి వచ్చినవి. 2021లో కిడ్ ఏ మ్నీజియా పేరుతో రెంటినీ కలిపి, మిగిలిన రికార్డింగులతో మూడో డిస్క్ చేర్చి అమ్మారు. సీడీ గానీ రికార్డు గానీ కొనాలనుకునేవాళ్లకు విడివిడిగా కొనడం కన్నా అదే మేలు. కిడ్ ఏ మొదటి పాట ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్‌లో చుట్టుకి పది దెబ్బలు. గిటార్ లేదు. ప్రాఫెట్ ఫైవ్ సింథసైజర్, గాయకుడు థామ్ యార్క్ గొంతుని ముక్కలు చేసి తిరగేసిన శబ్దాలు, అంతే. రాక్ బ్యాండ్ అనుకుని కొన్నవాళ్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. నాలుగో పాటకి వెళ్లేసరికి వయొలిన్ల వెనక ఒక సన్నటి ఏడుపులాంటి స్వరం జారుతూ వస్తుంది. అది ఓన్డ్ మార్టెనో, 1928లో ఫ్రాన్సులో బయటికొచ్చిన వాయిద్యం. కీబోర్డు మెట్ల ముందు తీగ ఉంటుంది, దానికో ఉంగరం. వేలికి తొడుక్కుని పక్కకి జరిపితే స్వరం ఎక్కడా తెగకుండా జారుతుంది. వీణ మీద జారు గమకం విన్నవాళ్లకు అది పరాయి శబ్దం కాదు.

మార్నింగ్ బెల్ అనే పాట ఈ రెండు ఆల్బమ్‌లలోనూ ఉంది. కిడ్ ఏలో ఐదు దెబ్బల లెక్క, అమ్నీజియాక్‌లో నాలుగు. మాటలు దాదాపు అవే, బాణీ అదే. వెంటవెంటనే వినండి. ఐదులో ఉన్నప్పుడు పాట తలుపు దగ్గర నిలబడి ఎటూ తేల్చుకోలేని మనిషిలా ఉంటుంది. నాలుగులోకి వచ్చేసరికి అదే మనిషి కుంగి కూలబడినట్టుంటుంది. తాళం మారితే పాట అర్థమే ఎలా మారుతుందో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు.

అమ్నీజియాక్‌లో అసలైన పరీక్ష పిరమిడ్ సాంగ్. పియానో దెబ్బలు ఒకదానికొకటి సంబంధం లేనంత దూరంలో పడుతున్నట్టుంటాయి. పాటకి తాళమే లేదని వాదించినవాళ్లున్నారు. ఉంది. 'తకిట తకిట తకధిమి తకిట తకిట' అనుకోండి. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. మొత్తం పదహారు. ప్రతి జతి మొదటి అక్షరం మీద పియానో పడుతుంది. అక్షరాలు సమానంగా కాకుండా కొంచెం ఊగుతాయి, అందుకని మరీ కచ్చితంగా వెయ్యొద్దు. సగానికి దగ్గర ఫిల్ సెల్వే డ్రమ్స్ అందుకుంటాడు, అంతవరకు గాల్లో ఉన్న పియానో కింద నేల కనిపిస్తుంది. మొదటిసారి అక్కడిదాకా లెక్క తప్పకుండా వచ్చినవాళ్లు గట్టివాళ్లే. మృదంగం వాళ్లకి ఒక్కసారి చాలు.

ఓకే కంప్యూటర్‌ని (1997) చాలామంది మొదట వినమంటారు, ఇక్కడ మూడో మెట్టు మీద పెట్టడానికి కారణముంది. పన్నెండు పాటలు, 53 నిమిషాలు. అందులో చిన్న చిన్న పనితనం చాలా ఎక్కువ, చెవి కాస్త పదునెక్కాకే దొరుకుతుంది. ఎయిర్‌బ్యాగ్ పాటలో డ్రమ్స్ వినండి. సెల్వే వాయించినదాంట్లోంచి కొన్ని సెకన్ల ముక్క తీసుకుని, శబ్దం ముక్కల్ని దాచుకుని తిరిగి వాయించే శాంప్లర్‌లో వేసి, కంప్యూటర్ మీద కోసి అతికించారు. అందుకే మనిషి వాయిస్తున్నట్టూ ఉంటుంది, మధ్యలో తట్టుకుని పడ్డట్టూ ఉంటుంది. అదే పాటలో కోలిన్ గ్రీన్‌వుడ్ బేస్ గిటార్ కొన్ని స్వరాలు పలికి ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఆ ఖాళీలు తర్వాత నింపుదామని వదిలినవి. నింపలేదు. నింపి ఉంటే పాట మామూలు పాటైపోయేది. ఇంగ్లండులో బాత్ ఊరి దగ్గర సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాత బంగళాలో చాలావరకు రికార్డు చేశారు. ఎగ్జిట్ మ్యూజిక్‌లో యార్క్ గొంతు చుట్టూ వినిపించే మోగుడు యంత్రం పెట్టింది కాదు, ఆ బంగళా రాతి గోడలది. రాతి మండపంలో ఒక్కరే నిలబడి పాడితే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2017లో ఓకే నాట్ ఓకే పేరుతో వచ్చిన ఎడిషన్‌లో అప్పట్లో సింగిల్స్ వెనక వేసిన ఎనిమిది పాటలు, విడుదల కాని మూడు పాటలు చేర్చారు. కొనేటప్పుడు అదే తీసుకోండి.

ది బెండ్స్ (1995) గిటార్ ఇష్టపడేవాళ్లది. జాన్ లెకీ నిర్మాణం. తాళాల చిక్కులు తక్కువ, బాణీలు వెంటనే నోటికొస్తాయి. కాలేజీ బ్యాండ్ వాళ్లు వాయించుకోవడానికి ఇదే సరైంది.

హెయిల్ టు ద థీఫ్ (2003) పొడవెక్కువ. పద్నాలుగు పాటలు, 56 నిమిషాలకి పైనే. మొదటి పాట టూ ప్లస్ టూ ఈక్వల్స్ ఫైవ్ ఏడు అక్షరాల లెక్కలో మొదలై, మధ్యలో నాలుగుకి దూకి విరుచుకుపడుతుంది. ఆ దూకుడు చూడాల్సిందే. తర్వాత నాలుగైదు పాటలు తీసేసినా ఆల్బమ్‌కి లోటుండదు. ద కింగ్ ఆఫ్ లింబ్స్ (2011) ఎనిమిదే పాటలు, 37 నిమిషాలు. ముక్కలు ముక్కలుగా శాంపిల్ చేసి పేర్చిన లయలు, ఆల్బమ్‌లో కాస్త బిగుసుకుపోయినట్టుంటాయి. ఇవే పాటల్ని అదే ఏడాది ఫ్రమ్ ద బేస్‌మెంట్ కార్యక్రమం కోసం ఇద్దరు డ్రమ్మర్లతో వాయించారు, రెండో ఆయన క్లైవ్ డీమర్. ఆ వీడియో ముందు చూసి, ఆల్బమ్ తర్వాత వినండి. రెండు డోళ్లు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆల్బమ్‌లో దొరకని రుచి అందులో దొరుకుతుంది.

2008లో వచ్చిన ద బెస్ట్ ఆఫ్ సీడీ జోలికి వెళ్లొద్దు. బ్యాండ్ ప్రమేయం లేకుండా పాత కంపెనీ వేసింది. పాటలన్నీ మంచివే, కానీ పక్కపక్కన కుదరవు.

ఇక వినే పద్ధతి. సగం మందికి ఈ సంగీతం నచ్చకపోవడానికి కారణం ఫోన్ సెట్టింగులే. షఫుల్ ఆపండి. పాట చివరని తర్వాతి పాటలో కలిపేసే క్రాస్‌ఫేడ్ సున్నాకి పెట్టండి, పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ ఆన్‌లో ఉంచండి. లేకపోతే ఎయిర్‌బ్యాగ్ చివరి బీప్ శబ్దాలు తర్వాతి పాటలోకి అందుకునే చోటు, కిడ్ ఏలో ఆప్టిమిస్టిక్ నుంచి ఇన్ లింబోలోకి జారే చోటు తెగిపోతాయి. కిడ్ ఏ సీడీ చివరి పాట అయ్యాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఒక చిన్న ముక్క ఉంది. ఆగిపోయిందనుకుని తీసెయ్యకండి. పాటలన్నిటి చప్పుడునీ ఒకే స్థాయికి తెచ్చే వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపేయడమే మంచిది. బేస్ బూస్ట్ అసలొద్దు. ద నేషనల్ ఆంథమ్‌లో బేస్ గిటార్ ముందే గరగరలాడుతుంది, దాని మీద బూస్ట్ వేస్తే వెనకున్న బూరలన్నీ మునిగిపోతాయి.

హాస్టల్ గదుల్లో వాడే ఒంటి బ్లూటూత్ స్పీకర్ ఈ బ్యాండ్‌కి పనికిరాదు. కుడి ఎడమలు కలిసిపోతే గిటార్ల అల్లిక కనపడదు. మామూలు వైరు ఇయర్‌ఫోన్ అయినా దానికన్నా నయం. తొమ్మిది ఆల్బమ్‌లూ కలిపి ఏడు గంటల పైచిలుకు. 320 కిలోబిట్లలో దాదాపు ఒక జీబీ పడుతుంది, నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫైళ్లయితే రెండున్నర జీబీ అటూ ఇటూ. ముందే దించుకుని పెట్టుకుంటే బస్సులో సిగ్నల్ గొడవ ఉండదు. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. ఇన్ రెయిన్‌బోస్, ఓకే కంప్యూటర్ రెండూ వరసగా వేస్తే 96 నిమిషాలు.

ఎల్‌పీ రికార్డులు తెప్పించుకునేవాళ్లకు రెండు మాటలు. 2016 నుంచి పాత ఆల్బమ్‌లను ఎక్స్‌ఎల్ రికార్డింగ్స్ అనే కంపెనీ మళ్లీ వేసింది, కొత్త కాపీ అంటే కవరు మీద ఆ పేరు చూసుకోండి. ఎండాకాలం పార్సిల్ వస్తే వెంటనే తెచ్చుకోండి. ఎండలో ఆపిన కారు సీటు మీద గంట ఉంచినా ప్లాస్టిక్ మెత్తబడి అంచు వంగిపోతుంది, సూది ఎగిరెగిరి పడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. తుడవడానికి బోరు నీళ్లు వాడొద్దు. ఇక్కడి నీళ్లలో ఉప్పెక్కువ, ఆరాక తెల్లటి పొర రికార్డు గాడుల్లో ఉండిపోయి చిటపటలాడుతుంది. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ చాలు. యాసిడ్ డబ్బా కాదని లేబుల్ చూసుకుని, మెత్తటి గుడ్డతో గీతల వెంబడే గుండ్రంగా తుడవండి.

అన్నిటికన్నా చివర ఎ మూన్ షేప్డ్ పూల్ (2016) వినండి. పదకొండు పాటలు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉన్నాయి. అలా పేర్చినా ఎత్తుపల్లాలు ఎక్కడా తప్పలేదు. మొదటిది బర్న్ ద విచ్‌లో వయొలిన్ల వాళ్లు కమానుతో కాకుండా గిటార్ మీటే చిన్న బిళ్లతో (ప్లెక్ట్రమ్) తీగల్ని కొట్టారు, ఆ టకటకలు దానివే. ఆఖరిది ట్రూ లవ్ వెయిట్స్. ఈ పాటని బ్యాండ్ 1995 నుంచి కచేరీల్లో పాడుతోంది. 2001 నాటి లైవ్ ఆల్బమ్ ఐ మైట్ బి రాంగ్ చివర్లో ఒక్క గిటార్‌తో ఉంది. అది విని, వెంటనే 2016 స్టూడియో పాట పెట్టండి. గిటార్ లేదు. పియానో స్వరాలు ఒకదాని మీద ఒకటి తడబడుతూ పడతాయి, గొంతు బాగా కిందికి దిగింది. వదిలి వెళ్లొద్దనే అవే మాటలు. మొదటిదాంట్లో ఎదుటి మనిషి ఇంకా గదిలోనే ఉన్నట్టుంటుంది, రెండోదాంట్లో గది ఖాళీ.