నాలుగు వేసవులు వాడాక: స్లో కుక్కర్‌లో చాక్లెట్ పల్లీ ముద్దలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మే నెల మధ్యాహ్నం ఎవరూ కోరి పొయ్యి ముందు నిలబడరు. సెలవులకి మా ఇంటికి ఆడపడుచులు, మరుదులు, పిల్లలు కలిసి పద్నాలుగు మంది దిగుతారు. అంతమందికి చిరుతిళ్లు చేసి చేసి విసుగొచ్చి నాలుగేళ్ల కిందట స్లో కుక్కర్ కొన్నాను, సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్ర. మూడున్నర లీటర్ల పింగాణీ గిన్నె, గాజు మూత, లో, హై, వార్మ్ అని తిప్పే మీట ఒకటి. అడుగున 200 వాట్లని రాసి ఉంది. రెండు గంటలు నడిచినా అర యూనిట్ కాలదు.

"ఏటే ఇది, పది నిమిషాల పనికి రెండు గంటలేటి?" అన్నారు మా అత్తగారు మొదటిరోజే. చిక్కీ విషయంలో ఆవిడే గెలిచారు. బెల్లం వేసి హై మీద మూడు గంటలు ఉంచాను. కరిగింది, అంచుల్లో బుడగలూ వచ్చాయి, కానీ నీళ్లలో చుక్క వేస్తే వేలికి జిగురులా సాగింది. పాకం టక్కుమని విరగాలంటే దాదాపు 150 డిగ్రీలు ఎక్కాలి. ఇదేమో నీళ్లు మరిగే వేడి దగ్గరే తచ్చాడుతుంది. చివరికి అదంతా మూకుడులోకి వంపి ఆవిడే పాకం పట్టారు. చిక్కీకి, జీళ్లకి దీన్ని కొనకండి.

చాక్లెట్ కరిగించడానికి మాత్రం దీన్ని మించింది లేదు. నా కొలత ఇది: దోరగా వేయించి పొట్టు తీసిన పల్లీలు 600 గ్రాములు, జీడిపప్పు బద్దలు 200, డార్క్ కాంపౌండ్ 500, వైట్ కాంపౌండ్ 250. కాంపౌండ్ అంటే కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసిన చాక్లెట్. జీడిపప్పు పలాస నుంచి తెప్పిస్తాను. గుండ్లు, అంటే విరగని పూర్తి పప్పులు దండగ, ముద్దలో ఎవరికీ కనపడవు. పప్పులన్నీ అడుగున పరిచి, చాక్లెట్ ముక్కలు పైన వెయ్యాలి. ఈ వరస తిరగేస్తే చాక్లెట్ గిన్నెకి తగిలి మాడుతుంది. తెల్లది వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా గడ్డకడుతుంది, అందుకే దాన్ని అన్నిటికంటే పైన పెడతాను. లో మీద గంట కదపకుండా వదిలేసి, తర్వాత పావుగంటకోసారి చెక్క గరిటెతో కలిపితే గంటన్నరకి అంతా జారుగా వస్తుంది. బటర్ పేపరు మీద చెంచాతో ముద్దలు పెడితే అరవై పైనే అవుతాయి. ఆ పని మా గుంటలది, అంటే పిల్లలది. పేపరు మీదకి సగం, నోట్లోకి సగం.

రెండో ఏడు ఒక ఘోరం జరిగింది. మూత ఎత్తగానే దానికి పట్టిన ఆవిరి చుక్కలు లోపల పడ్డాయి. నిగనిగలాడుతున్న చాక్లెట్ రెండు నిమిషాల్లో తడి ఇసుకలా ముద్దకట్టింది. ఎంత కలిపినా అంతే. వేడి పాలు పోసి పిల్లలకి తాగించేశాం. అప్పటి నుంచి పొడి నూలు గుడ్డ ఒకటి నాలుగు మడతలు పెట్టి గిన్నెకీ మూతకీ మధ్య పరుస్తున్నాను. కొసలు కిందికి వేలాడకుండా మూత మీదకి మడిచేస్తాను.

పక్కింటి ఒడియా మావుసికి (పిన్నిలాంటి ఆవిడ) దీని సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "మా పొడొ పిఠా ఇంతే కదా, రాత్రంతా నిప్పుల మీద వదిలేస్తాం" అంది, వాళ్ల కాల్చిన పిండివంట గురించి. ఒడియా వాళ్ల రజొ పండక్కి ఇందులోనే పిండి పోసి చూసింది కూడా. ఉడికింది గానీ పైన మాడిన రంగు రాలేదు. ఆ మాడు కోసమే కదా తినేది అని మళ్లీ పొయ్యికే వెళ్లిపోయింది.

తిప్పే మీట ఉన్నది కొనడం మంచిదైంది. మా వీధిలో కరెంటు పోయి వస్తూ ఉంటుంది, వచ్చాక తనంతట తనే నడుస్తుంది. పోయినా గిన్నె అరగంట వేడి నిలుపుకుంటుంది. అసలు కష్టం ఆ గిన్నెతోనే. వేడిగా ఉండగానే చన్నీళ్లు పోశాను, అంచు నుంచి అడుగుదాకా సన్నటి చీలిక. విడి గిన్నె కావాలంటే అమ్మినవాళ్లు లేదన్నారు. మొత్తం సెట్టు మళ్లీ కొన్నాను. నేను ఇప్పుడు వాడుతున్నది రెండోదన్నమాట. రెండింటికీ మూత పిడి వదులైంది.

కాంపౌండ్ చాక్లెట్‌కి కోకో బటర్ చాక్లెట్‌లా వేడి సరిచూసుకుంటూ చల్లార్చే గొడవ లేదు, ఫ్యాన్ గాలికి గడ్డకడుతుంది. కోకో బటర్‌ది 34 డిగ్రీలకే కరుగుతుంది, మా ఎండల్లో దాని జోలికి పోవద్దు. కానీ కాంపౌండ్ కూడా ఎండ వేడికి మెత్తబడుతుంది. పోయినేడు మా చిన్న ఆడపడుచు డబ్బా నిండా పట్టుకుని మధ్యాహ్నం బండికి గుణుపురం వెళ్లింది. దిగేసరికి అరవై ముద్దలూ ఒక్కటే పలకైపోయాయట, చాకు పెట్టి కోసుకున్నారు. ఈసారి తనకి సున్నుండలే కట్టిస్తాను.