బెంగను తెలుగులో చెప్పుకున్నాక: 14 నెలల ఆన్‌లైన్ థెరపీ

అమ్మ బొబ్బిలిలో అన్నయ్య దగ్గర ఉంటుంది. రెండేళ్ల క్రితం ఆమెకి స్వల్పంగా పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల నెల తిరిగేసరికి లేచి నడిచింది. కానీ నాకు మాత్రం ఫోన్ మోగితే చాలు, గుండె దడ. రోజుకి ఎనిమిది తొమ్మిదిసార్లు అన్నయ్యకి ఫోన్ చేసేదాన్ని. ఎత్తకపోతే వదినకి, ఆమె కూడా ఎత్తకపోతే పక్కింటివాళ్లకి. నేను ఉండేది విశాఖలో, పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. ఒకే బిల్లు రెండుసార్లు ఎంట్రీ చేసి మాట పడిన రోజున, ఇక ఎవరితోనైనా మాట్లాడాలనుకున్నాను.

మొదట ఒక యాప్‌లో చేరాను. ఆరు సెషన్లకి డబ్బు ముందే కట్టించుకున్నారు. నాలుగు వారాల్లో ముగ్గురు థెరపిస్టులు మారారు. ప్రతిసారీ అమ్మకి జబ్బు చేసిన రోజు నుంచి కథ మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పైగా అంతా ఇంగ్లీషులోనే. నాకు ఇంగ్లీషు రాక కాదు, ఆఫీసు మెయిళ్లన్నీ అందులోనే రాస్తాను. కానీ ‘బెంగ’ అంటే ఏమిటో చెప్పడానికే ఒక సెషన్లో సగం అయిపోయింది. యాంగ్జైటీ అంటే ఆ మాట తీరదు. బెంగలో ఒక మనిషి మీద ప్రేమ ఉంటుంది, ఆ మనిషి దూరంగా ఉండటమూ ఉంటుంది. మిగిలిన రెండు సెషన్ల డబ్బు అడిగితే తిరిగి ఇవ్వలేదు.

తర్వాత స్నేహితురాలు ఒక క్లినికల్ సైకాలజిస్టు నంబరు ఇచ్చింది. ఆవిడ ఉండేది రాజమండ్రిలో, మాట్లాడేది తెలుగులో. ఈసారి ముందే అడిగాను, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అని. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైతేనే క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలి. ఆవిడ నొచ్చుకోకుండా నంబరు పంపి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోమన్నారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. మందులు తాను రాయననీ, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాననీ కూడా మొదటిరోజే చెప్పారు.

సెషన్ 50 నిమిషాలు, ఫీజు 1,200. మొదటి మూడు నెలలు వారానికొకటి, తర్వాత రెండు వారాలకొకటి, ఇప్పుడు నెలకొకటి. మొత్తం 30 సెషన్లు, 36,000 రూపాయలు. నా హెల్త్ పాలసీలో ఓపీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులు లేవు కాబట్టి ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. చిన్న మొత్తం కాదు. 24 గంటల ముందు చెప్పకుండా మానేస్తే పూర్తి ఫీజు కట్టాలి. ఆఫీసులో నెలాఖరు పనివల్ల రెండుసార్లు అలా కట్టాను.

మొదటిరోజు ఏదో ధైర్యం చెబుతారనుకున్నాను. చెప్పలేదు. ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల ఫారం నింపించారు. 21కి నాకు 16 వచ్చింది, అంటే ఆందోళన తీవ్రంగా ఉన్నట్టు. తర్వాత థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోమన్నారు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా గుండె దడ రావచ్చట. నాకు రక్తం తక్కువే ఉంది. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలతో దడ కొంత తగ్గింది. ఆ మేరకు మెరుగుదల థెరపీది కాదు, మాత్రలదే.

అసలు పని ఫోన్ల దగ్గర మొదలైంది. “అన్నయ్య ఎత్తి అమ్మ బాగుందంటే ఎంతసేపు హాయిగా ఉంటారు?” అని అడిగారు. ఆలోచించి పావుగంట అన్నాను. “ఆ పావుగంట కోసమే మనసు మళ్లీ ఫోన్ చేయమంటోంది. చేసేకొద్దీ బెంగకి బలం వస్తోంది” అన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మూడు రోజులు అమ్మ గొంతు వినలేకపోయిన సంగతి అప్పుడే చెప్పాను. బెంగకి మూలం దొరికిందనుకున్నాను. ఆవిడ ఓపికగా విన్నారు, కానీ అక్కడే ఆగనివ్వలేదు. ఎప్పుడు మొదలైనా, ఇవాళ దాన్ని మోస్తున్నది ఈ ఫోన్లేనన్నారు.

హోంవర్క్ ఏమిటంటే, చేయాలనిపించగానే చేయకుండా పది నిమిషాలు ఆగడం. తర్వాత అరగంట, ఆ తర్వాత రెండు గంటలు. ఒక నోటుబుక్కులో మూడు గడులు: ఏం జరిగి ఉంటుందని భయపడ్డాను, దాన్ని నూటికి ఎంత నమ్మాను, చివరికి ఏం జరిగింది. మొదటి వారం నరకమే. ఒకరోజు ఆఫీసు బాత్రూంలో నిలబడి గడియారం చూస్తూ ఏడ్చాను. నోటుబుక్కు సగం నిండాక వెనక్కి తిప్పి చూస్తే, మూడో గడిలో ‘అన్నయ్య బండి మీద ఉన్నాడు’ అని 17 చోట్ల ఉంది. ఎవరు ఎంత చెప్పినా నాకు ఎక్కనిది నా చేతిరాత చూస్తే ఎక్కింది.

ఇక, ఆన్‌లైన్ అంటే ఇంట్లో కూర్చుని మాట్లాడొచ్చంటారు. మా గోపాలపట్నం ఫ్లాట్‌లో రెండే గదులు. నలుగురం ఉంటాం. అత్తగారికి తెలిస్తే ఏమనుకుంటారోనని తెన్నేటి పార్కుకి వెళ్లి బెంచీ మీద కూర్చుంటే, సముద్రపు గాలి హోరులో నా మాట అవతల వినపడలేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారులో కూర్చుంటే సిగ్నల్ పోయేది. అమ్మ గురించి చెబుతుండగా వీడియో ఆగిపోతే, మళ్లీ ఆ మాట నోటికి రాదు. అలా రెండు నెలలు తిప్పలు పడి, ఒక ఆదివారం అత్తగారికి చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “మా అమ్మ పోయినప్పుడు నాకూ అలాగే ఉండేదమ్మా, ఎవరితో చెప్పుకోను? నువ్వు తలుపేసుకో, ఎవరొచ్చినా నేను చూసుకుంటా” అన్నారు. అప్పట్నుంచి ఆ గంట టీవీ కూడా ఆపేస్తారు. నా సెషన్లు నిజంగా ముందుకి కదిలింది ఆ తర్వాతే.

తెరమీద మొహం ఒక్కటే కనపడటం ఇంకో ఇబ్బంది. మొహం మామూలుగా పెట్టుకోవడం నాకు బాగా అలవాటు. మూడో నెలలో ఆవిడే ఫోన్ దూరంగా పెట్టి చేతులు కూడా కనిపించేలా కూర్చోమన్నారు. అప్పుడు గానీ నేను చున్నీ అంచు నలుపుతూ ఉంటానని ఇద్దరికీ తెలియలేదు.

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలున్నా, రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోయినా, వారం తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ-మానస్, ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మన ఊళ్లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఆసుపత్రి పేరు ఎత్తితేనే నవ్వేవాళ్లుంటారు. దయచేసి వాళ్లను పట్టించుకోకండి.

ఇప్పుడు జీఏడీ-7లో నాకు 6 వస్తోంది. అన్నయ్యకి రోజుకి ఒక్కసారి, రాత్రి ఎనిమిదింటికి చేస్తాను. మొన్న పెద్ద వానకి సాయంత్రం నుంచి బొబ్బిలికి ఫోన్ కలవలేదు. పక్కింటివాళ్ల నంబరు తీశాను, మళ్లీ పక్కన పెట్టాను. నోటుబుక్కు తెచ్చి ‘అమ్మకి ఏదో అయింది’ అని రాసి, పక్కన 40 వేశాను. ఒకప్పుడైతే 90 వేసేదాన్ని. తొమ్మిదిన్నరకి వదినే చేసింది, కరెంటు లేదని, అమ్మ పడుకుందని. మూడో గడిలో అదే రాశాను. వచ్చే రెండో శనివారం సెషన్లో మేడంకి ఆ పేజీ చూపించాలి.